బ్రౌజర్ కొత్తదైన వేళ హెచ్చరికలు ఎందుకు వస్తాయి?

వెబ్ బ్రౌజర్ అప్‌డేట్ అయిన మరునాడే, అంతకుముందు దాకా ఏ అడ్డూ లేకుండా తెరుచుకున్న వెబ్‌సైటుకు బదులు ఎర్ర త్రికోణంతో కూడిన భద్రతా హెచ్చరిక ప్రత్యక్షం కావడం చాలామందికి ఎదురయ్యే సంగతే. అప్పుడు కొందరు అప్‌డేటే అంతా చెడగొట్టిందని తీర్మానించుకొని పాత వెర్షన్ కోసం వెతుకుతారు. మరికొందరు తెరపై ఏముందో చదవకుండానే ‘అడ్వాన్స్‌డ్’ అన్న మీటను, ఆ వెంటనే ‘ప్రొసీడ్’ అన్న మీటను నొక్కి ముందుకు సాగిపోతారు. ఈ రెండు పద్ధతుల్లోనూ హెచ్చరిక చెప్పదలచుకున్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. ప్రతి హెచ్చరికకూ ఒక నిర్దిష్టమైన కారణం ఉంటుంది, ఆ కారణం వెబ్‌సైటులో ఉండవచ్చు, మధ్యనున్న నెట్‌వర్క్‌లో ఉండవచ్చు, చూస్తున్నవారి సొంత కంప్యూటర్‌లోనే ఉండవచ్చు. క్రోమ్ వాడుకదారులకు ఎదురైన 30 కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించిన గూగుల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సగానికి మించిన హెచ్చరికలకు మూలం వెబ్‌సైటు నిర్వహణలోని లోపం కాదనీ, వాడుకదారు పరికరంలోనో అది అనుసంధానమైన నెట్‌వర్క్‌లోనో ఉన్న చిక్కేననీ తేల్చారు. ఫలితం తమకే ఆశ్చర్యం కలిగించిందని వారు రాసుకోవడం గమనించదగ్గది.

హెచ్చరికను అర్థం చేసుకోవాలంటే ముందు డిజిటల్ సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలియాలి. హెచ్‌టీటీపీఎస్ అన్న అక్షరాలతో మొదలయ్యే చిరునామా గల ప్రతి సైటూ బ్రౌజర్‌తో సంభాషణ మొదలుపెట్టే తొలి క్షణంలోనే తన సర్టిఫికెట్‌ను చూపుతుంది. అందులో ఆ సైటు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అది చెల్లుతుందన్న గడువు, సమాచారాన్ని సంకేత లిపిలోకి మార్చే ఏర్పాటుకు అవసరమైన తాళంచెవి, వీటిని సరిచూసి జారీచేసిన ధ్రువీకరణ సంస్థ సంతకం ఉంటాయి. ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే జిరాక్సు కాపీల మీద గెజిటెడ్ అధికారి చేసే సంతకం వంటిదే ఈ సంతకం కూడా, ఎందుకంటే కాపీ తెచ్చినవారు ఎవరో తెలియకపోయినా సంతకం చేసినవారి హోదాను గుర్తించగలిగితే కాగితం చెల్లిపోతుంది. అలాంటి హోదా ఉన్న సంస్థల పట్టికను రూట్ స్టోర్ అంటారు. ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ తన సొంత పట్టికను వెంట తెచ్చుకుంటుండగా, క్రోమ్ చాలాకాలం పాటు విండోస్, మ్యాక్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంచిన పట్టికమీదనే ఆధారపడి, 2022 నుంచి క్రమంగా సొంత పట్టికకు మారింది. ఒకే కంప్యూటర్‌లో ఒకే సైటు ఒక బ్రౌజర్‌లో తెరుచుకొని మరొకదానిలో హెచ్చరిక చూపడానికి ఈ తేడాయే తరచుగా కారణమవుతుంది.

ఇక్కడ అప్‌డేట్ పాత్ర స్పష్టమవుతుంది. బ్రౌజర్ అప్‌డేట్ అంటే మెనూల రంగు మారడం, కొత్త మీటలు చేరడం అనే అభిప్రాయం సాధారణంగా ఉన్నప్పటికీ, దానిలోని అసలు భాగం కంటికి కనిపించదు. ఏ సంస్థల సంతకాన్ని నమ్మాలి, ఏ పాత పద్ధతిని ఇక ఒప్పుకోకూడదు, ఏ సర్టిఫికెట్‌ను రద్దయినట్లు లెక్కించాలి అన్న నిర్ణయాలు దానిద్వారానే అమలవుతాయి. కాబట్టి సైటులో రవ్వంత మార్పు జరగకపోయినా, బ్రౌజర్ నియమం మారిన రోజున హెచ్చరిక రావడం సహజమే, అనేక సందర్భాల్లో అది బ్రౌజర్ తయారీదారులు బాగా ఆలోచించి, నెలల ముందే ప్రకటించి చేసిన పని.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ సిమాంటెక్ సంస్థది. ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద ధ్రువీకరణ సంస్థల్లో ఒకటైన సిమాంటెక్ సర్టిఫికెట్ల జారీలో నియమాలు సరిగా పాటించలేదని గూగుల్ 2017లో నిర్ణయానికి వచ్చి, ఆ సంస్థ సంతకాన్ని రెండు విడతల్లో నమ్మకం నుంచి తప్పించింది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66, సిమాంటెక్ 2016 జూన్ 1కి ముందు జారీచేసిన సర్టిఫికెట్లను తిరస్కరించగా, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన క్రోమ్ 70 మిగిలినవాటినీ తిరస్కరించింది. ఈ లోపు సిమాంటెక్ ఆ వ్యాపారాన్ని డిజిసర్ట్ అనే సంస్థకు అమ్మేసింది. సకాలంలో సర్టిఫికెట్ మార్చుకోని సైట్లను చూడబోయినవారికి అప్‌డేట్ అయిన మరుక్షణం ఎర్ర త్రికోణం కనిపించింది, అలాంటివారు తమ కంప్యూటర్‌లో ఎంత వెతికినా కారణం దొరికే అవకాశమే లేదు.

భారతదేశానికి సంబంధించిన ఘటన అంతకన్నా ముందే, 2014 జులైలో జరిగింది. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని జాతీయ సమాచార కేంద్రం, అంటే నిక్, నడిపిన ధ్రువీకరణ విభాగం నుంచి గూగుల్, యాహూ చిరునామాలకు అనధికారికంగా సర్టిఫికెట్లు జారీ అయినట్లు గూగుల్ గుర్తించింది. నిక్ విభాగానికి పైసంతకం ఇచ్చినది ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి కార్యాలయం. దాని మూల సర్టిఫికెట్ విండోస్ పట్టికలో ఉండటం వల్ల, ఆ దొంగ సర్టిఫికెట్లను విండోస్ మీద నడిచే చాలా ప్రోగ్రాములు అసలైనవాటిగానే స్వీకరించే ప్రమాదం ఏర్పడింది. నియంత్రణాధికారి నిక్ సర్టిఫికెట్లను వెంటనే రద్దుచేయగా, గూగుల్ అంతటితో ఆగక, భారతీయ మూల సర్టిఫికెట్ ఆధారంగా వచ్చేవాటిని భారత ప్రభుత్వ, విద్యాసంస్థల చిరునామాల వంటి కొద్దిపాటి పరిధికే క్రోమ్‌లో పరిమితం చేసింది. ఫైర్‌ఫాక్స్ పట్టికలో ఆ మూల సర్టిఫికెట్ అసలు లేనందున దాన్ని వాడేవారిపై ఈ ఘటన ప్రభావమే పడలేదు.

హెచ్చరికను తోసిపుచ్చి ముందుకు పోవడం ఎందుకు ప్రమాదకరమో చెప్పడానికి 2011 నాటి డిజినోటార్ ఉదంతం చాలు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ ధ్రువీకరణ సంస్థ కంప్యూటర్లలోకి చొరబడినవారు గూగుల్ సహా ఎన్నో చిరునామాలకు 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు సృష్టించుకున్నారు, వాటిలో గూగుల్ పేరిట ఉన్నదాన్ని ఇరాన్‌లో సుమారు 3 లక్షల మంది జీమెయిల్ సంభాషణలను మధ్యలో చదవడానికి వాడినట్లు తర్వాతి విచారణలో వెల్లడైంది. గూగుల్ సొంత చిరునామాలకు ఏ సంస్థల సంతకాలు చెల్లుతాయో క్రోమ్‌లో ముందే రాసి ఉండటం వల్ల, ఇరాన్‌లోని ఒక వాడుకదారుకు జీమెయిల్ తెరవగానే హెచ్చరిక వచ్చింది. అతడు దాన్ని నొక్కి దాటిపోకుండా బయటపెట్టడంతోనే మోసం లోకానికి తెలిసింది. బ్రౌజర్లన్నీ అప్‌డేట్ల ద్వారా డిజినోటార్‌ను పట్టిక నుంచి తొలగించాయి, నెల తిరగకుండానే ఆ సంస్థ దివాలా తీసింది.

ఇంత పెద్ద కథలు ఎప్పుడో గానీ జరగవు. ఇళ్లలోని కంప్యూటర్లలో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే కారణం చాలా చిన్నది, అది తప్పుగా నడుస్తున్న గడియారం. సర్టిఫికెట్ చెల్లుబాటు తేదీల మీద ఆధారపడుతుంది కనుక, కంప్యూటర్ తనకు తెలిసిన తేదీతో ఆ గడువును పోల్చి చూస్తుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, దానిపై సీఆర్ 2032 అని ముద్రించి ఉంటుంది, కరెంటు లేని వేళ కూడా గడియారాన్ని నడిపించేది అదే. కొన్నేళ్లకు అది నీరసించాక, రాత్రి స్విచ్ ఆపేసి ఉదయం మళ్లీ వేసినప్పుడు తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి, తరచుగా ఏదో ఒక ఏడాది జనవరి 1కి, పోయి కూర్చుంటుంది. అప్పుడు బ్రౌజర్‌కు ప్రతి సర్టిఫికెట్టూ ఇంకా పుట్టని భవిష్యత్తు కాగితంలాగానే తోస్తుంది, గూగుల్ నుంచి బ్యాంకు దాకా అన్నింటికీ ఒకేసారి హెచ్చరికలు వస్తాయి, వాటి కింద చిన్న అక్షరాల్లో ‘నెట్ ఎర్ సర్ట్ డేట్ ఇన్‌వ్యాలిడ్’ అన్న సంకేతం కనిపిస్తుంది. బ్రౌజర్ అప్‌డేట్ కూడా ఇదే హెచ్‌టీటీపీఎస్ రక్షిత మార్గంలో రావలసి ఉన్నప్పుడు అదీ విఫలం కావచ్చు, దాంతో అసలు దోషం అప్‌డేట్‌దేనన్న భ్రమ బలపడుతుంది. తెర కుడి మూల కింద ఉన్న తేదీని, అందులోనూ రోజునూ నెలనూ మాత్రమే కాక సంవత్సరాన్ని కూడా చూసుకొని, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి స్వయంగా తీసుకొనేలా సెట్టింగ్ మార్చితే హెచ్చరికలు అప్పటికి మాయమవుతాయి. మర్నాడు మళ్లీ వస్తే మాత్రం బ్యాటరీ మార్చక తప్పదు, కంప్యూటర్ రిపేరు దుకాణాల్లో అది కొద్ది రూపాయలకే దొరుకుతుంది. విదేశాల నుంచి ల్యాప్‌టాప్‌తో వచ్చినవారు టైమ్ జోన్‌ను మార్చకుండా గడియారం ముల్లును మాత్రం చేత్తో భారత సమయానికి తిప్పినా ఇదే జాతి చిక్కు పుడుతుంది: తెరపై సమయం సరిగా కనబడుతున్నా లోపల లెక్కించే ప్రపంచ ప్రామాణిక సమయం గంటల తేడాతో తప్పిపోయి ఉంటుంది.

గడియారం తర్వాత అనుమానించవలసింది యాంటీవైరస్‌ను. వాడుకదారుకు రక్షణ కల్పించే ప్రోగ్రామే హెచ్చరికకు కారణం కావడం విడ్డూరంగా తోచవచ్చు గానీ, దాని పనితీరు తెలిస్తే విషయం అర్థమవుతుంది. రక్షిత మార్గంలో వచ్చే సమాచారం సంకేత లిపిలో ఉండటం వల్ల యాంటీవైరస్ దాన్ని చదవలేదు కాబట్టి, కొన్ని యాంటీవైరస్‌లు బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య నిలబడి, సైటు ఇచ్చిన సర్టిఫికెట్‌ను తాము అందుకొని, దాని స్థానంలో తాము తయారుచేసిన సర్టిఫికెట్‌ను బ్రౌజర్‌కు చూపుతాయి. ఆ సంతకాన్ని బ్రౌజర్ నమ్మేందుకు తమ పేరును ఆపరేటింగ్ సిస్టమ్ పట్టికలో ముందే చేర్చుకుంటాయి. బ్రౌజర్ అప్‌డేట్ అయినప్పుడు ఈ ఏర్పాటు తరచుగా తెగిపోతుంది. 2019 జనవరి చివర్లో ఫైర్‌ఫాక్స్ 65 విడుదలైనప్పుడు అవాస్ట్, ఏవీజీ యాంటీవైరస్‌లు ఉన్న విండోస్ కంప్యూటర్లలో సైట్లు తెరుచుకోక హెచ్చరికలు వెల్లువెత్తడంతో, మొజిల్లా ఆ అప్‌డేట్ స్వయంచాలక పంపిణీని విండోస్‌లో కొంతకాలం ఆపవలసి వచ్చింది. అదే ఏడాది జులైలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 68 నుంచి, ఇలాంటి జోక్యాన్ని గమనించిన వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్ పట్టికను కూడా సంప్రదించి తనంతట తానే సర్దుకునే ఏర్పాటు చేశారు.

కారణం యాంటీవైరసేనని నిర్ధారించుకోవడం కష్టమేమీ కాదు. హెచ్చరిక పేజీలోనో చిరునామా పట్టీకి ఎడమవైపున్న గుర్తును నొక్కినప్పుడో సర్టిఫికెట్‌ను చూపమనే లంకె దొరుకుతుంది, దానిలో ‘ఇష్యూడ్ బై’ అన్న చోట ఎవరి పేరుందో చదవాలి. అక్కడ పేరున్న ధ్రువీకరణ సంస్థకు బదులు కంప్యూటర్‌లోని యాంటీవైరస్ పేరు కనిపిస్తే చిక్కుముడి విడినట్లే. దాన్ని అప్‌డేట్ చేయడం, అప్పటికీ తీరకపోతే దానిలో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అనే ఒక్క సదుపాయాన్ని మాత్రం ఆపడం సరిపోతుంది, యాంటీవైరస్ మొత్తాన్నీ తీసేయనవసరం లేదు. ఆఫీసు కంప్యూటర్లలో ఆ స్థానంలో సంస్థ సొంత ఫైర్‌వాల్ పేరు ఉండవచ్చు, దాన్ని సరిచేయవలసింది అక్కడి సాంకేతిక సిబ్బందే. ఎన్నడూ వినని పేరు కనిపిస్తే మాత్రం అది తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు. లెనోవో ల్యాప్‌టాప్‌లలో కొన్నింటిలో ముందుగానే చేర్చి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాము ఇదే పద్ధతిలో మధ్య నిలబడి, అన్ని యంత్రాలకూ ఒకే రహస్య తాళంచెవిని వాడిందని 2015 ఫిబ్రవరిలో బయటపడింది, ఆ తాళంచెవి చేజిక్కినవారెవరైనా ఆ ల్యాప్‌టాప్‌లకు ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ సర్టిఫికెట్ చూపగలిగే పరిస్థితి అది.

పాత యంత్రాల సమస్య వేరు. ధ్రువీకరణ సంస్థల మూల సర్టిఫికెట్లకూ గడువుంటుంది, అది ముగిసేలోగా కొత్త మూల సర్టిఫికెట్ అప్‌డేట్ ద్వారా యంత్రాన్ని చేరాలి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తన తొలినాళ్లలో ఆధారపడిన పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసినప్పుడు, ఏళ్ల తరబడి అప్‌డేట్‌కు నోచుకోని కంప్యూటర్లలోనూ పరికరాల్లోనూ అనేక సైట్లు ఒక్కరోజులో నమ్మదగనివిగా మారిపోయాయి. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాతవైన ఫోన్లకు కొత్త మూల సర్టిఫికెట్ తెలియకపోవడంతో ఆ సంస్థ వాటి కోసం ప్రత్యేక ఏర్పాటు చేసి మరో మూడేళ్లు నెట్టుకొచ్చింది. విండోస్ 7 విషయానికి వస్తే, 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109 తర్వాత దానికి కొత్త క్రోమ్ లేదు. కొన్ని జిరాక్సు, నెట్ సెంటర్లలో ఇంకా నడుస్తున్న అలాంటి యంత్రాల్లో హెచ్చరికలకు సెట్టింగులు తిప్పడం పరిష్కారం కాదు. ఫైర్‌ఫాక్స్ దీర్ఘకాలిక వెర్షన్ 115 కొంతకాలం ఆదుకుంది గానీ, చివరికి మార్చవలసింది ఆపరేటింగ్ సిస్టమ్‌నే. గడువు విషయంలో బ్రౌజర్ తయారీదారులు సైతం ఏమరుపాటుకు అతీతులు కారు: ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌లపై సంతకానికి వాడే మధ్యస్థ సర్టిఫికెట్ 2019 మే 4న గడువు తీరిపోవడంతో, ప్రపంచవ్యాప్తంగా పాస్‌వర్డ్ మేనేజర్లతో సహా యాడ్-ఆన్‌లన్నీ పనిచేయడం మానేశాయి, మర్నాడే 66.0.4 వెర్షన్ విడుదల చేసి దిద్దుకోవలసి వచ్చింది. అదే రకం గడువు 2025 మార్చి 14న మళ్లీ వచ్చినప్పుడు మొజిల్లా ముందే మేల్కొని, 128కి ముందరి వెర్షన్లు వాడేవారు అప్‌డేట్ చేసుకోవాలని ప్రకటించింది.

కొన్ని హెచ్చరికల్లో ముందుకు పోయే మీటే ఉండదు. టీఎల్‌ఎస్ అనేది బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య సంభాషణను సంకేత లిపిలో నడిపే పద్ధతి. దానిలో 1999 నాటి 1.0, 2006 నాటి 1.1 వెర్షన్లను బలహీనమైనవిగా పరిగణించి బ్రౌజర్లన్నీ 2020లో తప్పించాయి. ఫైర్‌ఫాక్స్ ఆ పని మార్చిలోనే చేసింది, కానీ అప్పుడే కొవిడ్ విజృంభించడం, ఆ సమాచారం అందించే కొన్ని ప్రభుత్వ సైట్లు ఇంకా పాత పద్ధతినే వాడుతుండటంతో, వేసిన అడుగు వెనక్కి తీసుకొని జూన్ వెర్షన్ దాకా ఆగింది. భద్రతా నియమాన్ని మానవ అవసరం కోసం సడలించిన అరుదైన సందర్భంగా దీన్ని చెప్పుకోవచ్చు. ఇలాంటి చోట వాడుకదారు చేయగలిగింది సైటు నిర్వాహకులకు తెలియజేయడమే. అలాగే బ్యాంకులు, పెద్ద సంస్థలు తమ సైటును రక్షిత మార్గంలో తప్ప తెరవవద్దని బ్రౌజర్‌కు ముందే ఆదేశించే ఏర్పాటు ఒకటుంది, దాన్ని హెచ్‌ఎస్‌టీఎస్ అంటారు. అలాంటి సైటుకు హెచ్చరిక వస్తే దాటే దారి ఉండదు, ఉండకూడదు కూడా. రైల్వేస్టేషన్లు, విమానాశ్రయాలు, హోటళ్లలోని ఉచిత వైఫై ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే తన పేజీని ముందు చూపాలన్న ప్రయత్నంలో తెరవబోయిన సైటుకు అడ్డుపడటం వల్ల కూడా ఇదే రకం హెచ్చరిక వస్తుంది, లాగిన్ పూర్తి కాగానే అది పోతుంది, లేదా మొబైల్ డేటాకు మారితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

హెచ్చరికను దాటడం సమంజసమైన సందర్భాలు లేకపోలేదు, అయితే అవి వేళ్లమీద లెక్కపెట్టదగినవి. జీఎస్‌టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకంతో రిటర్నులు దాఖలుచేసే పన్ను సలహాదారులకు ‘ఈఎమ్‌సైనర్’ అనే చిన్న ప్రోగ్రాము పరిచితమే. పోర్టల్‌కూ యూఎస్‌బీ టోకెన్‌లోని సంతకానికీ మధ్య అది వంతెనగా పనిచేస్తుంది, అందుకోసం 127.0.0.1 అన్న చిరునామాలో 1585వ ద్వారం దగ్గర వేచి ఉంటుంది. ఆ చిరునామా ఇంటర్నెట్‌లోని మరే యంత్రానిదీ కాదు, ప్రతి కంప్యూటర్ తనను తాను పిలుచుకునే సంఖ్య అది. ఆ ప్రోగ్రాము చూపే సర్టిఫికెట్‌కు బయటి ధ్రువీకరణ సంస్థ సంతకం లేకపోవడం వల్ల బ్రౌజర్ దాన్ని ఒప్పుకోదు, ఫలితంగా పోర్టల్ ‘కనెక్షన్ కుదరలేదు’ అన్న ధోరణిలో ఒక సందేశం చూపి ఊరుకుంటుంది. ఆ స్థానిక చిరునామాను విడిగా తెరిచి హెచ్చరికను ఒకసారి అంగీకరించాకనే సంతకం పని సాగుతుంది. ఇక్కడ సమాచారం కంప్యూటర్ గడప దాటదు కాబట్టి అంగీకారం వల్ల హాని లేదు. ఆఫీసులోని రౌటర్, ప్రింటర్ సెట్టింగుల పేజీలూ ఇదే కోవకు చెందుతాయి. అయితే ఒకచోట అలవాటైన వేలు మరోచోట బ్యాంకు పేజీ మీద కూడా అదే మీటను నొక్కేయడం మానవ స్వభావం కనుక, ప్రభుత్వ సేవలు ఇలాంటి ఏర్పాట్ల మీద ఆధారపడటం అంత మెచ్చదగింది కాదు.

ఇప్పటివరకు చెప్పినవన్నీ అప్‌డేట్ తర్వాత సైట్లకు వచ్చే హెచ్చరికలు. అప్‌డేట్ ఫైలు మీదనే వచ్చే హెచ్చరికలను వీటితో కలపకూడదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ ఏవైనా సాధారణంగా తమంతట తామే అప్‌డేట్‌ను దించుకొని, బ్రౌజర్‌ను మూసి తెరిచినప్పుడు అమలు చేస్తాయి. క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కల మెనూలో ‘హెల్ప్’, ఆపైన ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ తెరిస్తే వెర్షన్ సంఖ్యా, కొత్తది ఉంటే దాని దిగుమతీ అక్కడే కనిపిస్తాయి. ఆ మూలనే అప్‌డేట్ గుర్తు రెండు రోజుల లోపుదైతే ఆకుపచ్చగా, నాలుగు రోజులదైతే నారింజ రంగులో, వారం దాటితే ఎర్రగా మారడం క్రోమ్ పాటించే పద్ధతి. వాడుకదారు ఫైలు దించి నడపవలసిన అవసరం కొత్తగా బ్రౌజర్ పెట్టుకునేటప్పుడు తప్ప దాదాపు రాదు. అలా దించిన ఫైలును నడిపినప్పుడు విండోస్ అనుమతి అడిగే పెట్టెలో ప్రచురణకర్త పేరు గూగుల్ ఎల్‌ఎల్‌సీ అనో, మొజిల్లా కార్పొరేషన్ అనో స్పష్టంగా ఉండాలి, ‘అన్‌నోన్’ అని ఉంటే అక్కడితో ఆపాలి. ఫైలు మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ అన్న విభాగాన్ని చూసినా ఇదే తెలుస్తుంది, ఆ విభాగమే లేని ఫైలు అసలైన బ్రౌజర్ ఫైలు కాదు. ఫోన్లలో ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ దాటి, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు రూపంలో బ్రౌజర్ అప్‌డేట్ అంటూ ఏదీ ఉండదు.

మోసగాళ్లు సరిగ్గా ఈ అయోమయాన్నే వాడుకుంటారు. సాక్‌గోలిష్ అన్న పేరుతో భద్రతా నిపుణులు పిలిచే ముఠా ప్రోగ్రాము, సరిగా నిర్వహణ లేని వర్డ్‌ప్రెస్ సైట్లలోకి చొరబడి, వాటిని చూడవచ్చినవారికి ‘మీ క్రోమ్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అంటూ అసలైన చిహ్నంతో, అసలైన అక్షరాలతో పేజీ చూపుతుంది. నొక్కితే దిగేది బ్రౌజర్ కాదు, ఒక జిప్ ఫైలు; దానిలో ‘అప్‌డేట్’ అన్న పేరుతో ఉన్న జావాస్క్రిప్ట్ ఫైలును రెండుసార్లు నొక్కగానే విండోస్ దాన్ని ఆజ్ఞలుగా అమలు చేస్తుంది. వచ్చింది మామూలు వార్తా సైటులోనో పాఠశాల సైటులోనో కావడం వల్ల అనుమానం కలగదు, చిరునామా పట్టీలో సర్టిఫికెట్ హెచ్చరిక కూడా ఏదీ కనిపించదు, ఎందుకంటే సైటు సర్టిఫికెట్ అసలైనదే, లోపలి పేజీలో చేరినదే దొంగది. ఇటీవలి మరో పద్ధతిలో ఫైలు కూడా ఉండదు: విండోస్ మీటతో పాటు ఆర్ అక్షరాన్ని నొక్కమని, తెరుచుకున్న పెట్టెలో కంట్రోల్, వీ నొక్కి ఎంటర్ కొట్టమని పేజీ సూచిస్తుంది, ఆజ్ఞను పేజీ ముందే క్లిప్‌బోర్డులో పెట్టి ఉంచుతుంది కనుక, వాడుకదారు తన చేత్తోనే దాన్ని నడిపినట్లవుతుంది. అసలైన అప్‌డేట్ సూచన బ్రౌజర్ చట్రంలో, అంటే ట్యాబ్‌లూ మెనూలూ ఉండే పైభాగంలో వస్తుంది గానీ పేజీ లోపల రాదన్న ఒక్క తేడా గుర్తుంటే ఈ రెండూ పట్టుబడతాయి. యాంటీవైరస్ అడ్డుపడితే కొద్దిసేపు ఆపమని చెప్పే అప్‌డేట్ ఏదైనా దొంగదే.

అప్పటికే అలాంటి ఫైలు నడిపి ఉంటే, ముందుగా వైఫై ఆపడమో కేబుల్ తీయడమో చేసి ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి విడదీయాలి. పాస్‌వర్డులు మార్చడం మరో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో జరగాలి, సోకిన యంత్రం నుంచే మార్చితే కొత్తదీ అటే పోతుంది. డబ్బు పోయినట్లు తెలిస్తే జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం 1930 నంబరుకు, బ్యాంకుకు ఏమాత్రం ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. చాలామంది మరిచేది మరొకటుంది: లాగిన్ అయి ఉన్నట్లు గుర్తుంచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే కుకీ అనే చిన్న ఫైలును ఇలాంటి ప్రోగ్రాములు దొంగిలిస్తాయి, దానితో పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే ఖాతాలోకి ప్రవేశించవచ్చు. అందువల్ల ఈమెయిల్ మొదలుకొని ముఖ్యమైన ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అన్న సదుపాయాన్ని కూడా వాడాలి. ఆ తర్వాతే సోకిన కంప్యూటర్‌లో అవసరమైన ఫోటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకొని, విండోస్‌ను మొదటి నుంచి తిరిగి పెట్టించి, బ్రౌజర్‌ను దాని తయారీదారు సైటు నుంచే దించుకోవాలి.